పాతబడిన చర్చి పైపు ఆర్గాన్: సంఘమంతా కలిసి బాగుచేయించుకోవడం ఎలా?

సంఘ కార్యదర్శి:

మిత్రులందరికీ నమస్కారం. మా చర్చిలో తరతరాలుగా ఆరాధనకు తోడుగా ఉన్న పైపు ఆర్గాన్ ఇప్పుడు వాయించలేని స్థితికి చేరువవుతోంది. కొన్ని మెట్లు (వాయించే కీలు) నొక్కి వదిలినా స్వరం ఆగడం లేదు. కొన్ని ఎంత నొక్కినా పలకడం లేదు. అన్ని స్టాపులూ (ఒక్కో గొట్టాల వరుసకు దారి తెరిచే పిడులు) తెరిచి వాయించినప్పుడు గాలి చాలక శ్రుతి వణుకుతోంది. ముఖభాగంలోని పెద్ద గొట్టాలలో రెండు మూడు నోటి దగ్గర కుంగి ముందుకు వంగినట్లు కనిపిస్తున్నాయి.

సంఘంలో అభిప్రాయాలు రెండుగా చీలాయి. దాన్ని పక్కనపెట్టి ఎలక్ట్రానిక్ వాద్యం కొనడమే మేలని కొందరు అంటున్నారు. ఎంత కాలం పట్టినా పాతదాన్నే నిలబెట్టాలని మరికొందరు పట్టుబడుతున్నారు. నేను రెండో పక్షానికే చెందినవాణ్ణి, అయితే పట్టుదల ఒక్కటే పని జరిపించదు కాబట్టి అడుగుతున్నాను. పని ఎక్కడ మొదలుపెట్టాలి, సంఘ సభ్యులు తమ చేతులతో ఎంతవరకు సాయపడవచ్చు, ఇంత పెద్ద ఖర్చుకు నమ్మకంగా విరాళాలు సేకరించే పద్ధతి ఏమిటి అన్న విషయాలపై అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

దారుశిల్పి:

కార్యదర్శి గారూ, ఆర్గాన్లు తయారుచేసే, బాగుచేసే పనిలో ఉన్నవాడిగా ముందుగా చెప్పదలచుకున్నది ఒకటుంది. మీరు రాసిన నాలుగు లక్షణాలకూ కారణం ఒకటే కాకపోవచ్చు. వాటిని విడివిడిగా పరీక్షించకుండా ‘మొత్తం పాడైపోయింది’ అనే నిర్ణయానికి ఎవరూ రాకూడదు. బయటి నుంచి చూసేవారికి వాద్యం ఎంత శిథిలంగా కనిపించినా, లోపల నిజంగా చెడినది ఒక్క తోలుభాగమే అయిన సందర్భాలు చాలా ఉంటాయి.

గాలి ప్రయాణించే దారి తెలిస్తే జబ్బు ఎక్కడుందో వెతకడం సులువవుతుంది. విద్యుత్ పంకా తోసిన గాలి ముందుగా తిత్తిలోకి చేరుతుంది. తిత్తి మీద పెట్టిన బరువుల వల్ల ఆ గాలికి స్థిరమైన ఒత్తిడి వస్తుంది. అక్కడి నుంచి అది గొట్టాలు నిలబడి ఉన్న గాలిపెట్టెలోకి వెళ్తుంది. పెట్టెలో ప్రతి మెట్టుకూ తోలు అంటించిన ఒక కవాటం ఉంటుంది. మెట్టు నొక్కితే సన్నని కర్రపుల్లలు లాగడం వల్ల ఆ కవాటం తెరుచుకుంటుంది. స్టాపు లాగితే దానికి చెందిన గొట్టాల వరుస కింద రంధ్రాలున్న పలక జరిగి దారి ఇస్తుంది. ఈ రెండూ జరిగినప్పుడే గొట్టం పలుకుతుంది.

స్వరం ఆగకపోవడానికి కవాటం మీద ఇరుక్కున్న ఇసుకరేణువంత మట్టి, అలసిన స్ప్రింగు, తేమకు ఉబ్బిన చెక్క, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పలకకపోవడానికి తెగిన పుల్ల కారణం కావచ్చు. ఇవి చిన్న మరమ్మతులు. గాలి వణకడం మాత్రం తిత్తి మడతల దగ్గర తోలు పగిలిందని సూచిస్తుంది. గాలి ఒత్తిడిని నీటి మట్టంతో, మిల్లీమీటర్లలో కొలుస్తారు. చాలా చర్చి ఆర్గాన్లలో అది 60 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఒక్క స్వరం వాయిస్తూ ఒకసారి, అన్ని స్టాపులూ తెరిచి నిండుగా వాయిస్తూ మరొకసారి కొలిచి చూస్తే ఎంత గాలి వృథా అవుతోందో అరగంటలో తేలిపోతుంది.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేవి గాలిపెట్టె పగుళ్లు. చర్చిని తీవ్రంగా వేడిచేసినప్పుడు గాలి మరీ పొడిబారి పెట్టె పైచెక్క చీలుతుంది. అప్పుడు ఒక మెట్టుకు చెందిన గాలి పక్క మెట్టు గదిలోకి పారి, నొక్కని స్వరం కూడా సన్నగా వినిపిస్తుంది. మీకు అలాంటి సన్నని మూలుగు వినిపిస్తోందా? ముఖభాగపు గొట్టాల సంగతి వేరు. వాటిలో సీసం పాలు ఎక్కువగా ఉంటే, ఆ మెత్తని లోహం దశాబ్దాల తరబడి తన బరువును తానే మోయలేక కుంగుతుంది. సరిచేయవచ్చు, కానీ ఆలస్యం చేస్తే ఒకటి జారి మరికొన్నింటి మీద పడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని వెనక నుంచి వెంటనే కట్టి ఉంచండి.

భవన నిర్వాహకుడు:

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. చర్చి అనేది సంగ్రహాలయం కాదు. పైకప్పు కారుతున్నప్పుడు, బీదవారికి చేయవలసిన సేవ ఉన్నప్పుడు, ఒక వాద్యానికి అంత సొమ్ము కేటాయించడం న్యాయమా అని సభ్యులు అడిగితే వారిని భక్తి తక్కువవారిగా చూడకూడదు. నేటి ఎలక్ట్రానిక్ వాద్యాలు అసలైన గొట్టాల ధ్వనిని నమోదు చేసుకుని వినిపిస్తాయి. వాటిని శ్రుతి చేయనక్కరలేదు, కొద్ది రోజుల్లో అమర్చవచ్చు. దీనికి సూటి సమాధానం లేకుండా విరాళాల పిలుపు ఇస్తే సగం మంది మనస్ఫూర్తిగా రారు.

ఆర్గానిస్టు:

నిర్వాహకుల వారి ప్రశ్న న్యాయమైనదే, కనుక సూటిగానే జవాబు చెబుతాను. పైకప్పు కారుతుంటే ముందు పైకప్పే బాగుచేయాలి, అందులో సందేహం లేదు. కారే కప్పు కింద ఆర్గాన్‌ను బాగుచేయడం విరాళాన్ని నీళ్లలో పోయడమే అవుతుంది.

ఎలక్ట్రానిక్ వాద్యం విషయంలో మాత్రం ఆయుష్షును లెక్కలోకి తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లోని సియోన్ పట్టణంలో వాలేర్ బసిలికాలో ఉన్న ఆర్గాన్ సుమారు 1430 నాటిది, అది నేటికీ పలుకుతుంది. మధ్యలో మార్పులు, చేర్పులు జరిగాయి, అయినా ఆనాటి గొట్టాలు కొన్ని ఇంకా అందులో ఉన్నాయి. కర్ర, తోలు, తగరం, సీసం, సరేసు వంటి పదార్థాలతో చేసిన వస్తువును ఏ తరంలోనైనా నేర్పరి విప్పి బాగుచేయగలడు. ఎలక్ట్రానిక్ వాద్యంలోని చిప్పు చెడినప్పుడు, దాని తయారీ ఆగిపోయి ఉంటే వాద్యాన్నే మార్చవలసి వస్తుంది. ఒకటి, రెండు తరాల కాలానికి లెక్క వేస్తే ఖర్చుల తేడా మనం అనుకున్నంతగా ఉండదు.

ధ్వని గురించి కూడా ఒక మాట. స్పీకరు నుంచి వచ్చే ధ్వని కొన్ని బిందువుల నుంచి పుడుతుంది, గొట్టాల ధ్వని వందల చోట్ల నుంచి ఒకేసారి పుట్టి గదిలో కలుస్తుంది. సంఘం గొంతెత్తి కీర్తన పాడేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. పాడేవారికి కింద ఆసరా దొరికినట్లుంటుంది, వారు భయం లేకుండా పాడతారు. ఆరాధనలో ఆర్గాన్ ఉండటానికి అసలు కారణం అదేనని నేను మనసారా నమ్ముతున్నాను.

చరిత్ర విద్యార్థి:

సంఘాలు తమ ఆర్గాన్‌ను కాపాడుకున్న తీరు తెలిస్తే మీ సభ్యులకు ధైర్యం వస్తుంది కాబట్టి కొన్ని ఉదాహరణలు రాస్తున్నాను.

హాంబర్గ్ నగరంలోని సెయింట్ జాకోబి చర్చిలో ఆర్గాన్ నిర్మాత ఆర్ప్ ష్నిట్‌గర్ 1693లో పూర్తిచేసిన ఆర్గాన్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, దాని ముఖభాగపు తగరపు గొట్టాలను కరిగించడానికి తీసుకుపోయారు. రెండో యుద్ధంలో మిగిలిన గొట్టాలనూ గాలిపెట్టెలనూ ముందుగానే విప్పి భద్రమైన చోటికి చేర్చారు. 1944లో బాంబుదాడికి చర్చి కాలిపోయింది, ఆర్గాన్ పేటిక నాశనమైంది, అయినా గొట్టాలు దక్కాయి. ఆర్గాన్ నిర్మాత యూర్గెన్ ఆరెండ్ దాన్ని పునరుద్ధరించే పనిని 1993లో ముగించారు. ఎవరో కొందరు సమయానికి విప్పి దాచకపోయి ఉంటే ఈనాడు వినడానికి ఏమీ మిగిలేది కాదు.

ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ వెదురు ఆర్గాన్ కథ మీ పరిస్థితికి మరింత దగ్గరగా ఉంటుంది. డియేగో సెరా అనే మిషనరీ 1816లో మొదలుపెట్టి 1824లో దాన్ని పూర్తిచేశారు. అందులోని 1,031 గొట్టాలలో 902 వెదురువే. పురుగు పట్టకుండా ఉండాలని ఆ వెదురును చాలాకాలం ఇసుకలో పాతి ఉంచారు. భూకంపాలు, తుపానుల వల్ల ఎన్నోసార్లు మూగబోయిన ఆ వాద్యాన్ని 1973లో జర్మనీలోని బాన్ నగరానికి, క్లైస్ ఆర్గాన్ కార్ఖానాకు పంపారు. 1975లో తిరిగి వచ్చినప్పుడు ఊరు ఊరంతా దానికి స్వాగతం పలికింది. మరుసటి ఏడాది నుంచే అక్కడ ఏటా ఆర్గాన్ సంగీతోత్సవం జరుగుతోంది. బాగుచేయించడంతో పని ముగిసిందని వారు అనుకోలేదు. వాద్యం వినిపిస్తూ ఉండే ఏర్పాటు కూడా చేసుకున్నారు, నా దృష్టిలో అసలు పాఠం అదే.

ఈ విద్యకు లోకంలో గౌరవం తగ్గలేదని చెప్పడానికి ఇంకొక విషయం: జర్మనీలోని ఆర్గాన్ నిర్మాణ కళనూ సంగీతాన్నీ యునెస్కో 2017లో మానవాళి అవిభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సంఘ కార్యదర్శి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. దారుశిల్పి గారూ, మీరు అడిగిన సన్నని మూలుగు వినిపిస్తోంది, ముఖ్యంగా చర్చిని వేడిచేసే నెలల్లో. కుంగిన గొట్టాలను వెడల్పాటి గుడ్డపట్టీలతో వెనక చట్రానికి కట్టించాము. ఇప్పుడు నా ముందున్న ప్రశ్న సేవకులది. ఉత్సాహంగా ముందుకు వచ్చిన యువకులు, విశ్రాంత ఉద్యోగులు చాలామంది ఉన్నారు. గొట్టాలన్నీ దింపి తుడిచేస్తామని అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

దారుశిల్పి:

నిపుణుడు పక్కన లేకుండా ఒక్క గొట్టం కూడా దించనివ్వకండి. ఇది సేవకుల మీద అపనమ్మకంతో చెబుతున్న మాట కాదు. గొట్టం పలికే తీరంతా దాని నోటి దగ్గర ఉంటుంది. పెదవుల మధ్య సందు, లోపలి నాలుక పలక ఎత్తు, పాదం కింది రంధ్రం కొలత, వీటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం మారిపోతుంది. ఆ తేడాను మొదట చేసినవాడు చెవితో విని నిర్ణయించాడు. గుడ్డతో గట్టిగా తుడిచిన క్షణంలో అది పోతుంది, తిరిగి తెచ్చే కొలత ఎక్కడా రాసి ఉండదు. పైగా పాత గొట్టాల మీద తయారీదారు గీసిన గుర్తులు, అక్షరాలు ఉంటాయి. అవే ఆ వాద్యం చరిత్రకు సాక్ష్యాలు, శుభ్రత పేరుతో అవి చెరిగిపోకూడదు.

ఆరోగ్యం సంగతి మరీ ముఖ్యం. సీసపు గొట్టాల మీద, ముఖ్యంగా పాదాల లోపల, తెల్లని పొడి పేరుకుని ఉండవచ్చు. ఓకు వంటి చెక్క నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినివేయడం వల్ల అది ఏర్పడుతుంది. ఆ పొడి విషం. పిల్లలనూ గర్భిణులనూ ఆ దరికి రానివ్వకూడదు. మామూలు చీపురుతో, మామూలు వాక్యూమ్ యంత్రంతో ఊడిస్తే అది గాలిలోకి లేస్తుంది. పారిస్‌లోని నోట్రడామ్ చర్చి 2019లో కాలినప్పుడు సుమారు 8,000 గొట్టాలున్న అక్కడి పెద్ద ఆర్గాన్ మంటల్లో పడలేదు, కానీ కరిగిన కప్పు నుంచి లేచిన సీసపు ధూళి దాని మీద పేరుకుంది. ప్రధానంగా ఆ ధూళి కారణంగా వాద్యాన్ని విప్పి, కార్ఖానాలకు పంపి, శుభ్రపరిచి, తిరిగి బిగించి, నెలల తరబడి రాత్రివేళ నిశ్శబ్దంలో శ్రుతి చేయవలసి వచ్చింది. 2024 డిసెంబరులో చర్చి తెరిచినప్పుడే అది మళ్లీ వినిపించింది.

అయినా సేవకులకు పని తక్కువేమీ కాదు. విప్పడానికి ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయడం, ప్రతి గొట్టానికీ వరుస, స్వరం, లోపం రాసిన పట్టిక తయారుచేయడం, గొట్టాలు వరుసగా పడుకోబెట్టడానికి మెత్తని గుడ్డ పరచిన చెక్క తట్టలు చేయడం, మెట్ల మీదుగా వాటిని మోయడం, పేటిక వెనక చెక్కపనికి సాయపడటం, ఇవన్నీ శిక్షణ ఇస్తే ఎవరైనా చేయగలరు. శ్రుతి చేసేటప్పుడు ఒకరు వాద్యం లోపల ఉంటే మరొకరు మెట్టు దగ్గర కూర్చుని వారు చెప్పిన స్వరాన్ని నొక్కిపట్టాలి. అది గంటల తరబడి ఓపికతో చేయవలసిన పని. ఆ పనికి స్థిరంగా వచ్చే ఇద్దరిని తయారుచేసుకుంటే వారు ఆ తర్వాత మీ వాద్యానికి కావలివాళ్లవుతారు.

పద్దులు చూసేవారు:

సొమ్ము విషయంలో నాకు తెలిసినది రాస్తాను. అంచనా వేసే సలహాదారు, పని చేసే కార్ఖానా ఒక్కరే కాకూడదు. స్వతంత్ర సలహాదారు రాసిన నివేదిక చేతికి వచ్చాకే పిలుపు ఇవ్వండి. ఆర్గాన్ నిధికి ప్రత్యేక ఖాతా తెరిచి, ఆ సొమ్మును మరే అవసరానికీ మళ్లించబోమని తీర్మానం చేసి, ఒకవేళ పని జరగకపోతే విరాళం ఏమవుతుందో ముందే రాసి ఉంచండి. చాలా సంఘాలు వదిలేసేది ఈ చివరి అంశాన్నే, కలహాలు పుట్టేది కూడా అక్కడే.

గొట్టాల దత్తత, అంటే ఒక్కో దాత ఒక్కో గొట్టం పేరున విరాళం ఇచ్చే పద్ధతి అనేక దేశాల్లో చక్కగా నడుస్తోంది. పని సాగే విధం ఇది: ఒక్కో వరుసలో మెట్టుకు ఒక గొట్టం చొప్పున 56 నుంచి 61 గొట్టాలుంటాయి, 20 వరుసల వాద్యంలో వెయ్యికి పైగానే లెక్క తేలుతుంది. పెన్సిలంత చిన్న గొట్టానికి చిన్న మొత్తం, మనిషిని మించిన గొట్టానికి పెద్ద మొత్తం నిర్ణయిస్తే పిల్లవాడి దగ్గర నుంచి పెద్ద కుటుంబం దాకా ఎవరి స్తోమతను బట్టి వారు పాలుపంచుకోగలరు. దాత పేరు గొట్టం మీద చెక్కుతామని మాత్రం మాట ఇవ్వకండి. పేర్లు పుస్తకంలోనో గోడ మీది పలకలోనో ఉండాలి.

పనిని దశలుగా విడగొట్టి, ఒక్కో దశ ముగిశాక సలహాదారు పరిశీలించి సంతకం చేసినప్పుడే ఆ వాయిదా చెల్లించండి. విప్పాక మాత్రమే బయటపడే నష్టాలు ఉంటాయి కాబట్టి అంచనాలో కొంత భాగాన్ని అనుకోని ఖర్చుకు అట్టిపెట్టాలి. ఖాతా వివరాలను ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టండి. విరాళం ఇచ్చినవారు అడగకముందే లెక్క కనిపిస్తే రెండో విడత అడగడం తేలికవుతుంది.

యువ వాదకుడు:

ఎలాగూ విప్పుతున్నాము కదా, కర్రపుల్లల బదులు విద్యుత్ వ్యవస్థ పెట్టి, నాలుగైదు కొత్త స్టాపులు చేర్చి, గాలి ఒత్తిడి కూడా కాస్త పెంచితే ఆధునిక సంగీతమంతా వాయించుకోవచ్చు. దీన్ని ఎందుకు ఎవరూ ప్రస్తావించడం లేదు?

చరిత్ర విద్యార్థి:

ఒక తరం అభిరుచి మరుసటి తరానికి నష్టంగా తోచిన సందర్భాలు ఈ రంగంలో ఎన్నో ఉన్నాయి కాబట్టి. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో సెయింట్ బావో చర్చి ఆర్గాన్ 1738 నాటిది. పదేళ్ల వయసులో మొజార్ట్ వాయించినది అదే. 1959 నుంచి 1961 వరకు జరిగిన పనిలో ఆనాటి అభిరుచి ప్రకారం దాని గొట్టాల పలుకు మార్చారన్న విమర్శ ఉంది. చేసినవారు అసమర్థులు కారు, ఆ రోజుల్లో గొప్ప పేరున్నవారు. ఇరవయ్యో శతాబ్దంలో పాత బరోక్ (పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల) ధ్వని మీద మక్కువతో పందొమ్మిదో శతాబ్దపు మంచి వాద్యాలెన్నింటినో మార్చివేశారు. ఆ పోయిన ధ్వని కోసం నేటివారు విచారిస్తున్నారు.

ఆర్గానిస్టు:

యువ మిత్రుని కోరిక నాకు అర్థమవుతుంది, కొత్త సంగీతం వాయించాలనుకోవడం తప్పు కాదు. అయితే ఒత్తిడి పెంచితే ప్రతి గొట్టం నోటినీ దానికి తగ్గట్టు మార్చాలి, ఆ మార్పును వెనక్కి తీసుకోలేము. పాత భాగాన్ని తీసినా దాన్ని పారవేయకుండా పేరు రాసి భద్రపరచడం, జంతు సరేసు వంటి తిరిగి విప్పగల జిగురునే వాడటం, కొత్తగా చేర్చినది రేపు తీసేసినా పాతది చెక్కుచెదరకుండా ఉండటం, ఈ మూడు నియమాలూ ఒప్పందంలో రాయించండి. ఆ హద్దులో ఒక స్టాపు చేర్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. వెయ్యి గొట్టాలను దత్తత తీసుకున్నవారు ఈ వాద్యం కోసం విరాళం ఇస్తున్నారు, మరోదాని కోసం కాదు.

భవన నిర్వాహకుడు:

నేను లేవనెత్తిన ప్రశ్నకు తగిన సమాధానం దొరికింది. పైకప్పు ముందు, ఆర్గాన్ తర్వాత అనే క్రమాన్ని సంఘం ఒప్పుకుంటే నేను దీనికి మద్దతు ఇస్తాను. వాద్యం కార్ఖానాలో ఉన్నంత కాలం ఆరాధన ఎలా నడుస్తుందో మాత్రం ఆలోచించండి.

ఆర్గానిస్టు:

దానికి దశల పద్ధతే దారి. తిత్తి, గాలిపెట్టె పని జరిగేటప్పుడు వాద్యం మొత్తం ఆగిపోక తప్పదు. అప్పటికి ఒక చిన్న ఎలక్ట్రానిక్ వాద్యాన్నో హార్మోనియంనో అరువు తెచ్చుకోండి. ఆ తర్వాత రెండు మెట్ల వరుసలలో (కీబోర్డులలో) ఒకదాన్ని ముందుగా పలికించమని కార్ఖానా వారిని అడగవచ్చు. సగం వాద్యమైనా వినిపిస్తే తమ సొమ్ము ఏమైందో దాతలు చెవులారా వింటారు. ఆ మధ్యకాలంలో క్వయర్ (గాయక బృందం) ఒక్కటే వాద్యం లేకుండా పాడే ఆరాధనలు కొన్ని పెట్టుకోండి.

సంఘ కార్యదర్శి:

ఈ చర్చను అచ్చువేయించి సంఘ సమావేశంలో చదివాము. పైకప్పు మరమ్మతు పూర్తయ్యాకే ఆర్గాన్‌ను విప్పాలని, ఈలోగా స్వతంత్ర సలహాదారు చేత నివేదిక రాయించాలని, ప్రత్యేక ఖాతా తెరవాలని తీర్మానించాము. ఫొటోలు, పట్టికల పనికి సేవకుల జట్టు సిద్ధమైంది. మిగిలిన సందేహం ఒక్కటే. చలికాలంలో చర్చిని వేడిచేయక తప్పదు. ఇంత ఖర్చుతో బాగుచేశాక గాలిపెట్టె మళ్లీ చీలకుండా ఏం చేయాలి?

దారుశిల్పి:

గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే చెక్కకు హాయి. అసలు హాని చేసేది ఒక్కసారిగా వచ్చే మార్పు. ఆరాధనకు గంట ముందు వేడిని గరిష్ఠంగా పెంచి, అయిపోగానే ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. తక్కువ స్థాయిలో, నెమ్మదిగా పెంచి నెమ్మదిగా తగ్గించండి. వేడిగాలి గొట్టాల మీదికి సూటిగా కొట్టకుండా చూడండి. ఇప్పుడే ఒక తేమ కొలిచే పరికరాన్ని వాద్యం లోపల పెట్టి ఏడాది పొడవునా వివరాలు నమోదు చేయించండి. సలహాదారుకు ఆ పట్టిక మీరు ఇవ్వగల అత్యంత విలువైన సమాచారం.

శ్రుతి సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. ఉష్ణోగ్రత ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే పెదవి గొట్టాల (నోటి దగ్గర గాలి తగిలి పలికేవి) శ్రుతి అర్ధస్వరంలో నూటికి మూడు పాళ్లు పైకి జరుగుతుంది, రీడు గొట్టాలది (కంపించే లోహపు నాలుకతో పలికేవి) దాదాపు కదలదు. అందుకే చలిలో రెండూ ఒకదానితో ఒకటి పొసగనట్లు వినిపిస్తాయి. చాలామంది తొందరపడి పెదవి గొట్టాలన్నిటి శ్రుతినీ మార్చబోతారు. చిన్న గొట్టాల అంచును శంకువుతో మాటిమాటికీ విప్పి మూయడం వల్ల అవి చిట్లుతాయి. శ్రుతి చేయించే రోజున చర్చి ఉష్ణోగ్రత మీ ఆరాధన వేళ ఉండే స్థాయిలోనే ఉండాలి, ఆ అంకెను ప్రతిసారీ వాద్యం లోపల ఉంచే పుస్తకంలో తేదీతో సహా రాయాలి. ఏటా ఒకటి రెండుసార్లు నిపుణుడు వచ్చి చూసే ఖర్చును కూడా ఇప్పుడు సేకరించే నిధిలోనే కలిపి లెక్కవేయండి. నివేదిక అందాక గాలి ఒత్తిడి కొలతలను ఇక్కడ పెడితే, తిత్తికి ఏ రకం తోలు వాడాలో మాట్లాడుకుందాం.